బోర్డు ఇళ్లలో సంఘం పని: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు

చెన్నైలో ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వెంబడి ఉన్న బోర్డు కాలనీల్లో, అంటే ప్రభుత్వ స్లమ్ బోర్డు కట్టించిన కాలనీల్లో, తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. నది గట్ల మీదనుంచీ, సముద్రపు ఒడ్డునుంచీ, ఊరి నడిబొడ్డునుంచీ లేపి ఇక్కడికి తెచ్చినవాళ్లం. కణ్ణగి నగర్ 2000లో మొదలైంది. సెమ్మంచేరికి 2004 సునామీ తర్వాత, పెరుంబాక్కానికి 2015 వరదల తర్వాత ఎక్కువమంది వచ్చారు. అలాంటి ఒక కాలనీలో జీతాలు లేకుండా, ఆఫీసు గది లేకుండా మేము నివాసుల సంఘం నడుపుతున్నాం. నీళ్ల లైనులో, రేషన్ షాపు దగ్గర, వాట్సాప్‌లో అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయని ఇక్కడ రాసిపెట్టాం. ఏ ప్రశ్న కావాలంటే దాన్ని నేరుగా చదువుకోవచ్చు.

ఒక మాట ముందే చెప్పాలి. బోర్డు, కార్పొరేషన్, ఊరి నీళ్లూ మురుగూ చూసే మెట్రో వాటర్ చెయ్యాల్సిన పనిని ఊరికే చేసిపెట్టడానికి సంఘం లేదు, వాళ్లచేత చేయించడానికి ఉంది. ఇరుగుపొరుగు మాత్రమే చెయ్యగలిగినవి కొన్ని ఉంటాయి. వాటిని మన చేతులతో చేస్తాం.

## చేరకముందు

మీరు ఏ పార్టీవాళ్లు?

సంఘానికి పార్టీ లేదు. సభ్యులకు ఉండొచ్చు, ఎవరి ఓటు వాళ్లది. సంఘం పేరుతో జెండా కట్టం, ఎన్నికలప్పుడు ఏ అభ్యర్థికీ సభ పెట్టం. పార్టీలో పదవి ఉన్నవాళ్లు సభ్యులుగా రావచ్చు కానీ అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి కాకూడదని రాసుకున్నాం. కౌన్సిలర్ ఏ పార్టీ మనిషైనా మన వార్డు కౌన్సిలరే, అర్జీ ఆయనకే ఇస్తాం. పని జరిగితే అందరి ముందూ ఆయన పేరు చెప్పి థాంక్స్ చెబుతాం.

చేరితే డబ్బులొస్తాయా? ఇల్లు ఇప్పిస్తారా?

రెండూ లేవు. ఇంటి కేటాయింపు బోర్డు చేతిలో ఉంటుంది, కాగితం అక్కడినుంచే వస్తుంది. సంఘం పేరు చెప్పి ఇల్లు ఇప్పిస్తాం, పట్టా తెప్పిస్తాం, పేరు మారుస్తాం అని ఎవరైనా డబ్బడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మీ బ్లాకులో నలుగురికి చెప్పండి.

మేము అద్దెకుంటున్నాం. మాకు చోటుందా?

ఉంది. పైకప్పు కారితే ఓనరు మీదా పడుతుంది, అద్దెకున్నవాళ్ల మీదా పడుతుంది. బోర్డు ఇల్లు అద్దెకివ్వడానికి రూల్సు ఒప్పుకోవు కాబట్టి పేరు రాయించుకోవాలంటే మీకు భయమేస్తుందని తెలుసు. అందుకే మా పుస్తకంలో డోర్ నంబరు, ఫోన్ నంబరు, పిలిచే పేరు, ఈ మూడే రాస్తాం. ఇల్లు ఎవరి పేరున ఉందో అడగం. ఆ పుస్తకాన్ని బయటివాళ్లెవరికీ ఇవ్వం.

తెల్లారకముందే డ్యూటీకి పోతాను, వచ్చాక వంట, పిల్లలు. నాకు టైమెక్కడిది అక్కా?

మా సంఘంలో ఎక్కువమంది అలాంటివాళ్లే. అందుకే పనిని చిన్న చిన్న ముక్కలుగా పంచుతాం. పొద్దున బస్సెక్కేముందు మెట్ల లైట్లు ఆర్పడం ఒక ముక్క. మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చేవాళ్లు నీళ్ల లారీ ఏ టైముకి వచ్చిందో గోడమీద రాయడం ఇంకో ముక్క. ఫోనులో ఫిర్యాదు నంబర్లు దాచిపెట్టే పని బస్సులో కూర్చుని చేసుకోవచ్చు. వారానికి అరగంట ఇవ్వగలిగితే చాలు. అది కూడా కుదరని నెలల్లో ఊరుకోండి, ఎవరూ తలుపు కొట్టి అడగరు.

నాకు చదువు రాదు. తమిళం మాట్లాడతానుగానీ రాయలేను. నేనేం పనికొస్తాను?

కాలువ ఎక్కడ మూసుకుపోతుందో, ఏ వైపు వాలు సరిగా లేదో, చెత్త బండి ఏ సందులోకి తిరగలేదో కార్పొరేషన్ పనిలో ఏళ్లు గడిపినవాళ్లకు కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. అధికారి వచ్చినప్పుడు మేము ముందు నిలబెట్టేది వాళ్లనే. "సార్, ఇక్కడ కాదు, రెండో చాంబర్ దగ్గర చూడండి" అని చెప్పే మనిషి పక్కనుంటే మాట దాటవెయ్యడం ఎవరికైనా కష్టం. రాసే పనికి కాలేజీ పిల్లలున్నారు. మీరు చెబితే వాళ్లు రాస్తారు, చదివి వినిపించాకే మీ వేలిముద్రో సంతకమో తీసుకుంటారు.

## మొదలుపెట్టేటప్పుడు

మా బ్లాకులో సంఘం లేదు. ఎంతమంది ఉంటే మొదలుపెట్టొచ్చు?

ఒకే మెట్లు ఎక్కి దిగే ఇళ్లలోంచి ముగ్గురు చాలు. కాలనీ మొత్తానికి ఒకేసారి సంఘం పెట్టాలనుకుంటే మొదటి మీటింగుకు జనం వస్తారు, రెండోదానికి కుర్చీలే మిగులుతాయి. ఒకే మెట్లవాళ్లకు ఒకరి ముఖం ఒకరికి తెలుసు, బాధలూ ఒకటే. ఆ మెట్లు బాగుపడితే పక్కవాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చి అడుగుతారు. అప్పుడు వెళ్లి సాయం చెయ్యండి.

ముందుగా ఏ పని పట్టుకోవాలి?

రెండు వారాల్లో అయిపోయేది, రోజూ అందరి కంటా పడేది. మెట్ల లైట్లు దీనికి బాగా సరిపోతాయి. చీకట్లో ఆడపిల్లలు, ముసలివాళ్లు తడుముకుంటూ ఎక్కే చోట బల్బు వెలిగితే ఆ రాత్రికే సంగతి కాలనీ అంతా తెలుస్తుంది. అందరికంటే పెద్ద సమస్య నీళ్లదో డ్రైనేజీదో అవుతుంది, దానికి నెలలు పడుతుంది. మొదటే దాన్ని పట్టుకుంటే "వీళ్లవల్ల ఏమైంది?" అనే మాట పుడుతుంది, ఆ తర్వాత నమ్మించడం చాలా కష్టం.

ఇంటింటికీ వెళ్తే తలుపే తియ్యడం లేదు. ఏం చెయ్యాలి?

సర్వే అనో లోను అనో ఇళ్లు ఖాళీ చేయించడం అనో కాగితాలు పట్టుకొచ్చినవాళ్లను ఈ జనం చాలామందిని చూశారు. కాబట్టి చేతిలో ఫారం లేకుండా వెళ్లండి. ఇద్దరు వెళ్లండి, అందులో ఒకరు ఆడమనిషై ఉండాలి. ఆదివారం వంటలయ్యే వేళకు ముందో, సాయంత్రం సీరియళ్లు మొదలయ్యేలోపో పోండి. ఒకే ప్రశ్న అడగండి: "ఈ మెట్లమీద మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఏంటి పెద్దమ్మా?" విని, వాళ్ల ముందే పుస్తకంలో రాసుకుని వచ్చెయ్యండి. రెండోసారి వెళ్లినప్పుడు వాళ్లు చెప్పిన దాని గురించే ముందు మాట్లాడండి. అప్పటికి తలుపు తెరుచుకుంటుంది.

సంఘాన్ని రిజిస్టర్ చేయించాలా?

మొదట్లో అక్కర్లేదు. డబ్బు వసూలు చేసి బ్యాంకులో వెయ్యాలంటే, బోర్డుతో కాగితం మీద వ్యవహారం నడపాలంటే మాత్రం చేయించాలి. తమిళనాడు సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 1975 ప్రకారం కనీసం 7 మంది ఉండాలి, నియమావళి రాసుకోవాలి, ఏటా లెక్కలు రిజిస్ట్రార్‌కు దాఖలు చెయ్యాలి. స్లమ్ క్లియరెన్స్ బోర్డుగా 1970లో పుట్టి 2021లో పేరు మార్చుకున్న మన బోర్డు, అదే ఏడాది "నమ్ కుడియిరుప్పు నమ్ పొరుప్పు" (మన నివాసం, మన బాధ్యత) అనే పథకం మొదలుపెట్టింది. ఇందులో బ్లాకులవారీ నివాసుల సంఘాలు నిర్వహణ చందా వసూలు చేసుకుంటే ప్రభుత్వం అంతే మొత్తం కలుపుతుంది. రిజిస్ట్రేషన్ పనిలో బోర్డు సమాజాభివృద్ధి విభాగంవాళ్లు సాయం చేస్తారు. మా సలహా ఏమిటంటే, కొన్ని నెలలు కలిసి పనిచేసి, ఎవరు నిలబడతారో చూసుకుని ఆ తర్వాత రిజిస్టర్ చేయించండి. కాగితం ముందొచ్చి మనుషులు తర్వాతొస్తే పదవులకోసం కొట్లాట మొదలవుతుంది.

తెలుగువాళ్లం విడిగా సంఘం పెట్టుకుంటే మన మాట గట్టిగా వినిపించదా?

వినిపించదు. ఒకే బ్లాకులో రెండు సంఘాలుంటే అధికారి రెండింటినీ పక్కన పెట్టడం సులువు. పైప్‌లైను కూడా ఇంట్లో ఏ భాష మాట్లాడతారో చూసి పగలదు. మా కమిటీలో తమిళం మాట్లాడే అక్కలు, తెలుగు మాట్లాడే అక్కలు కలిసే ఉన్నారు. మీటింగు తమిళంలో నడుస్తుంది, మధ్యలో ఎవరికైనా అర్థం కాకపోతే ఆపి తెలుగులో చెబుతాం. ఉగాదికి తెలుగువాళ్ల ఇళ్లనుంచి పచ్చడి బ్లాకంతా తిరుగుతుంది, పొంగల్ కోలం పోటీ అందరూ కలిసి పెడతారు. చర్చికి పోయేవాళ్లు క్రిస్మస్ కేకు పంచుతారు. కులం పేరుతో, పాత పేట పేరుతో విడివిడిగా కూర్చునే అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది. దాన్ని మాటల్తో ఆపలేం. అందుకే బకెట్టు, చీపురు పట్టే డ్యూటీలను కావాలనే కలిపి వేస్తున్నాం.

## నీళ్లు, మురుగు, చెత్త

నీళ్లు రావడం లేదు. ఎవరికి ఫోన్ చెయ్యాలి?

ముందు ఎక్కడ ఆగిందో చూడాలి. వీధిలోకే నీళ్లు రాకపోతే, లారీ రాకపోతే మెట్రో వాటర్ 1916కి చెప్పాలి. కాలనీ కార్పొరేషన్ హద్దు దాటి పంచాయతీలో ఉంటే పంచాయతీ ఆఫీసుకు. సంపులో నీళ్లుండి ట్యాంకుకు ఎక్కకపోతే మోటారు సంగతి, ట్యాంకులో ఉండి మీ కుళాయికి రాకపోతే బ్లాకు పైపుల సంగతి. ఈ రెండూ బోర్డు సెక్షన్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) దగ్గర చెప్పాలి, నిర్వహణ సంఘం చేతికొచ్చిన బ్లాకుల్లో అయితే సంఘానికి. ఫిర్యాదు నంబరు రాసుకోకుండా ఫోన్ పెట్టెయ్యకండి. తేదీ, నంబరు, ఏం చెప్పారో కింద గోడమీద ఉన్న పట్టికలో రాయండి. ఒకే సమస్యకు వేరువేరు ఇళ్లనుంచి ఫోన్లు వెళ్లడం చాలా అవసరం, "ఒక్కరే అంటున్నారు" అనడానికి వీలుండదు.

నీళ్లు రంగుగా వస్తున్నాయి, వాసన కూడా. కాచి తాగితే సరిపోతుందా?

కాస్తే క్రిములు చస్తాయి కానీ తుప్పు, మురుగు పోవు. మొదట పక్క బ్లాకులో కూడా అలాగే ఉందా అని అడగండి. అక్కడా ఉంటే వీధి లైనులో మురుగు కలుస్తుండొచ్చు, ఆరోజే 1916కి చెప్పి ఆ నీళ్లు వాడకం ఆపండి. మన బ్లాకులోనే ఉంటే సంపు, ట్యాంకు కడిగించాలి. ట్యాంకు కడిగిన తేదీని రంగుతో ట్యాంకు మీదే రాయించండి, ఎవరడిగినా జవాబు అక్కడే దొరుకుతుంది. కుళాయి నీటిలో క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని భారత ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. దాన్ని చూసే చుక్కల కిట్టు ఖరీదైనది కాదు, ఒక బ్లాకుకు ఒకటి కొనుక్కుంటే ఎవరింట్లోనైనా చూడొచ్చు. పసిపిల్లలున్న ఇళ్లకు ఆ కబురు ముందు చేరాలి.

డ్రైనేజీ పొంగుతోంది. మనవాళ్లలోనే తెలిసినవాళ్లున్నారు, ఐదొందలిస్తే దిగుతారు కదా?

దిగనివ్వకండి. ఎంతిచ్చినా, ఎంత అనుభవమున్నా, "రెండు నిమిషాల పనే అన్నా" అని వాళ్లే అన్నా సరే, దిగనివ్వకండి.

మూసిన మ్యాన్‌హోల్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ పేరుకుని ఉంటాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు ఆ వాసన పట్టడమే మానేస్తుంది. వాసన లేదు కదా అని దిగిన మనిషి అక్కడికక్కడే కూలిపోతాడు, అతన్ని తియ్యడానికి దిగినవాడూ పైకి రాడు. అన్నదమ్ములు, తండ్రీకొడుకులు ఒకే గుంతలో పోయిన ఇళ్లున్నాయి. ఈ పనిలో చనిపోయినవాళ్లలో మన భాష మాట్లాడేవాళ్లు ఎందరో.

రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు కాలువలోకో సెప్టిక్ ట్యాంకులోకో దింపడం 2013 చట్టం కింద నేరం. డబ్బిచ్చి దింపించినవాళ్లకూ జైలు శిక్ష ఉంది. చనిపోతే కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. ఏ ఇంటికీ ఆ డబ్బు తీసుకునే గతి పట్టకూడదు.

చెయ్యాల్సింది ఇది. వీధి లైనైతే 1916, బ్లాకు లోపలి చాంబరైతే బోర్డు ఆఫీసు. నీళ్లను ఒత్తిడితో కొట్టి అడ్డు తీసే జెట్టింగ్ బండి పంపమని పేరు పెట్టి అడగండి. మురుగు కాలువ, సెప్టిక్ ట్యాంకు శుభ్రతకు 14420 అనే జాతీయ నంబరు కూడా ఉంది. బండి వచ్చేవరకు మూత చుట్టూ తాడు కట్టి పిల్లల్ని దూరంగా ఉంచండి, పైఇళ్లవాళ్లను నీళ్లు తక్కువ వాడమని అడగండి. ఆలస్యమైతే వాసన భరిద్దాం. మా సంఘంలో దీనిమీద చర్చకు చోటు లేదు.

పైఅంతస్తునుంచి చెత్త కవర్లు కిందికి విసురుతున్నారు. ఫైన్ వేస్తే ఆగదా?

ఫైన్ వెయ్యడానికి మనకు అధికారం లేదు. వేసినా పగటిపూట విసిరేవాళ్లు రాత్రిపూట విసురుతారు. ఎవరు విసురుతున్నారన్నది పక్కన పెట్టి ఎందుకు విసురుతున్నారో చూడండి. చాలాసార్లు కారణం టైమే. చెత్త బ్యాటరీ బండి వచ్చే వేళకు ఆ ఇంట్లో అందరూ పనికి పోయి ఉంటారు, తొట్టి రెండు వీధుల అవతల ఉంటుంది. బండివాళ్ల సూపర్‌వైజరుతో మాట్లాడి వేళ మార్పించుకోగలిగితే సగం తగ్గుతుంది. మారకపోతే అంతస్తుకు ఒకరు, వంతులవారీగా, పనికి పోయేవాళ్ల చెత్త కూడా బండికి అందించాలి. విసిరే చోట మొక్కలు పెట్టి, కూర్చోవడానికి ఒక గట్టు కట్టించండి. నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోట కవరు విసరడానికి చెయ్యి రాదు. ఇవన్నీ చేశాక కూడా విసరడం మానని ఇల్లు ఒకటో రెండో ఉంటుంది, వాళ్లతో ఆ అంతస్తు పెద్దామె మాట్లాడితే చాలు.

మేము తడి చెత్త, పొడి చెత్త వేరు చేసినా బండిలో కలిపేస్తున్నారు. ఇంకెందుకు వేరు చెయ్యడం?

కలిపితే బండి నంబరు, తేదీతో కార్పొరేషన్ నంబరు 1913కి ఫిర్యాదు చెయ్యండి. కార్పొరేషన్‌కు అది చేరితేనే మారుతుంది. ఇంట్లో వేరు చెయ్యడం మాత్రం ఆపకండి. ఆ చెత్తను చేతులతో ఏరేది మన అక్కచెల్లెళ్లే. పాడైన సాంబారులో నానిన గాజుముక్క, పేపర్లో చుట్టని ప్యాడ్ వాళ్ల చేతికి తగులుతాయి.

## డబ్బు

నెల చందా ఎంత? కట్టలేకపోతే నీళ్లు ఆపేస్తారా?

నీళ్లు ఎవరికీ, ఎప్పుడూ ఆపం. చందా ఎంతన్నది బ్లాకుబ్లాకుకూ మారుతుంది. లిఫ్టు ఉన్నచోట ఖర్చు ఎక్కువ, మూడంతస్తుల పాత బ్లాకుల్లో తక్కువ. మోటారు కరెంటు, బల్బులు, శుభ్రం చేసేవాళ్ల కూలి, రిపేరుకు కొంత నిల్వ, అన్నీ కూడి ఇళ్లతో భాగిస్తే వచ్చేదే చందా. ఆ లెక్క అందరి ముందూ నల్లబల్ల మీద వేసి చూపించండి. కట్టనివాళ్ల పేర్లు గోడమీద పెట్టం. ఒంటరి ఆడవాళ్లు, మంచాన పడినవాళ్లున్న ఇళ్లు, ఆ నెల పని దొరకని ఇళ్లు కోశాధికారికి ఒక మాట చెబితే చాలు, అది ఆమె దగ్గరే ఆగిపోతుంది.

లెక్కలు ఎవరు చూస్తారు? డబ్బు తింటున్నారని అంటున్నారే?

అనుమానం రావడం సహజం, చీటీ డబ్బులు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి బ్లాకులోనూ ఉన్నారు. అందుకే చందాకు రసీదు తప్పనిసరి, చెక్కు మీద ఇద్దరి సంతకం, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. ఫోన్‌లో పంపేటప్పుడు క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాదే ఉండాలి. "ప్రస్తుతానికి నా నంబరుకు పంపండి" అని ఎవరన్నా పంపకండి, కార్యదర్శి అన్నా పంపకండి. నెల మొదటి ఆదివారానికి జమాఖర్చు కాగితం కింద మెట్ల దగ్గర అతికిస్తాం, బిల్లులు చూడాలనుకుంటే ఎవరైనా చూడొచ్చు. ఏడాదికోసారి పక్క బ్లాకువాళ్లను పిలిచి పుస్తకాలు చూపిస్తాం. మన లెక్కలు వాళ్లు, వాళ్ల లెక్కలు మనం చూస్తాం.

ఓఎంఆర్ ఐటీ కంపెనీవాళ్లు సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద ఏదో ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, ముందు మూడు విషయాలు తేల్చుకోండి. పాడైతే రిపేరు ఖర్చు ఎవరిది? ఏ వస్తువు కావాలో నిర్ణయించేది ఎవరు? పిల్లల ఫొటోలు ఎక్కడ వాడతారు? నీళ్ల ఫిల్టరు మిషను ఇచ్చి వెళ్లాక దాని క్యాండిల్ మార్చే దిక్కులేక మూలపడిన చోట్లు చాలా ఉన్నాయి. మాకైతే పుస్తకాలు, కుట్టు మిషన్ల కంటే సాయంత్రం వచ్చి ఇంగ్లీషు, లెక్కలు చెప్పే మనుషులు ఎక్కువ ఉపయోగపడ్డారు. కణ్ణగి నగర్‌లో 2020లో గోడల నిండా పెద్ద పెద్ద బొమ్మలు వేశాక బయటివాళ్లు చూడటానికి రావడం మొదలైంది, పిల్లలకు తమ వీధి అంటే ఒక గర్వం కలిగింది. అలాంటివి మీ దగ్గరా వెయ్యాలంటే ఆ గోడ వెనక ఉన్న ఇళ్లవాళ్లను ముందు అడగండి.

## పిల్లలు, పెద్దవాళ్లు

పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు కానీ ఒక్క అక్షరం చదవలేరు. సంఘం నేర్పుతుందా?

ఆదివారం పొద్దున ఒక గంట నేర్పుతాం. దానికంటే ముందు తమిళం సంగతి చూడాలి. తమిళనాడులో 2006 చట్టం ప్రకారం ఒకటో తరగతినుంచి తమిళం తప్పనిసరి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు, ఈ మూడింటి మధ్య మన పిల్లలు మూడో తరగతి దాకా ఎలాగో నెట్టుకొచ్చి అక్కడ ఆగిపోతున్నారు. టీచరుకు చదువురాని పిల్లాడిలా కనిపిస్తాడు, కానీ వాడికి రానిది ఆ భాష ఒక్కటే. అందుకే సాయంత్రం క్లాసులో చిన్నవాళ్లకు తమిళం చదవడం, కూడికలు, తీసివేతలు తెలుగులో వివరిస్తూ చెబుతాం. అర్థమైన భాషలో ఒకసారి వింటే తమిళంలో పట్టుకోవడం తేలికవుతుంది.

తెలుగు అక్షరాలు నేర్పడానికి మాకు దొరికిన మంచి దారి ముసలివాళ్లే. నెల్లూరు, చిత్తూరు పక్కనుంచి వచ్చిన అవ్వలు చెప్పే కథలను పెద్ద పిల్లలు రాస్తారు, చిన్నపిల్లలు చదువుతారు. పిల్లవాడు తన అవ్వ చెప్పిన మాటను కాగితం మీద చూసి తనే చదువుకున్న రోజు ఆ ఇంట్లో అందరి ముఖాలు వెలుగుతాయి. పిల్లలతో ఏ క్లాసైనా తలుపు తెరిచే ఉండాలి, పెద్దవాళ్లు ఇద్దరుండాలి. కొత్తగా వచ్చే వాలంటీరును ఒంటరిగా పిల్లలతో వదలం, ఎంత మంచివాళ్లైనా సరే.

ఈ అడ్రసు చెబితే ఉద్యోగం ఇవ్వడం లేదు. ఆటోవాళ్లు కూడా రానంటున్నారు. ఏం చెయ్యగలం?

ఇది మన పిల్లలకు రోజూ తగిలే దెబ్బ. పని ఇచ్చేవాళ్లతో సంఘం తరఫున నేరుగా వెళ్లి మాట్లాడతాం, మేము పూచీ ఉన్న పిల్లలను వెంట తీసుకెళ్తాం. ఒక షాపులో ఒక అమ్మాయి బాగా చేస్తే రెండో అమ్మాయికి అదే దారి అవుతుంది. మంచి సంగతులు బయటికి వినిపించాలి కూడా. 2025లో బహ్రెయిన్‌లో జరిగిన ఆసియా యువ క్రీడల్లో కబడ్డీ స్వర్ణం గెలిచిన భారత అమ్మాయిల జట్టులో కణ్ణగి నగర్ కార్తీక ఉంది. ఆ వార్త వచ్చాక చుట్టుపక్కల కాలనీల్లో ఆడపిల్లలను గ్రౌండుకు పంపని తల్లులు కూడా పంపడం మొదలుపెట్టారు. మీ కాలనీలో ఖాళీ స్థలం ఒకటుంటే పార్కింగుకు పోకుండా కాపాడండి.

మా అమ్మ పైఅంతస్తులో ఉంది, మోకాళ్ల నొప్పి. కిందికి ఇల్లు మార్పిస్తారా?

మార్చే అధికారం బోర్డుదే. డాక్టరు సర్టిఫికెట్‌తో అర్జీ పెట్టడానికి సాయం చేస్తాం. ఈలోపు బీపీ, షుగరు మందుల కోసం ఆమె దిగాల్సిన పనిలేదు. ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన "మక్కళై తేడి మరుత్తువమ్" (జనం దగ్గరికే వైద్యం) పథకం కింద ఇంటికే తెచ్చిస్తారు, దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేరు రాయిస్తే చాలు. నీళ్ల బిందె ఎక్కించడానికి ఆ మెట్లమీది కుర్రాళ్లకు వంతు వేస్తాం. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లకు 14567 అనే హెల్ప్‌లైను ఉంది.

## అర్జీలు, గొడవలు

అర్జీ ఇచ్చి నెలలైంది, జవాబే లేదు. ఇంకేం చెయ్యాలి?

అర్జీ ఇచ్చేటప్పుడే రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. అది లేకపోతే ఇప్పుడు మళ్లీ ఇచ్చి వేయించుకోండి. కార్పొరేషన్ పరిధిలో ఉంటే ఏరియా సభలో (వార్డులో ఒక్కో ప్రాంతంవాళ్లకు పెట్టే సభ) అందరి ముందూ అడగండి, మినిట్స్‌లో రాయమనండి. ముఖ్యమంత్రి హెల్ప్‌లైన్ 1100 ఉంది. అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు చట్టం 2005 కింద దరఖాస్తు పెట్టండి. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అతికిస్తే చాలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. తమిళంలోగానీ ఇంగ్లీషులోగానీ హిందీలోగానీ రాయాలి. రాయలేనివాళ్లు నోటితో చెబితే రాసిపెట్టడం ఆ సమాచార అధికారి బాధ్యత. "ఎందుకు చెయ్యలేదు?" అని అడిగితే ఏదో ఒకటి రాసి పంపుతారు. "ఫలానా తేదీన ఇచ్చిన మా అర్జీ మీద ఏ రోజు ఏ అధికారి ఏం రాశారో ఆ కాగితాల నకలు ఇవ్వండి" అని అడగండి. చాలాసార్లు ఆ నకలు తయారుచేసేటప్పుడే పని కదులుతుంది.

రాత్రిపూట మెట్లమీద తాగుతున్నారు, గంజాయి కూడా. కుర్రాళ్లతో కాపలా పెడదామా?

వద్దు. కాపలా అంటూ కర్రలు పట్టుకుంటే దెబ్బలాట అవుతుంది, కేసు మన పిల్లల మీదే పడుతుంది. ప్రమాదం అనిపిస్తే 100కో 112కో ఫోన్ చెయ్యండి, ఆడవాళ్లకు 181 ఉంది. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు సంఘంలో కూడా బయటపెట్టం. ఆ మెట్లమీద దీపం, మనుషుల అలికిడి పెంచడమే మన పని. సాయంత్రం క్లాసును కావాలనే అలాంటి చోటికి మార్చిన బ్లాకులున్నాయి. తాగుడు మానాలనుకునేవాడు ఉంటే వాడి ఇంటివాళ్లతో మాట్లాడి ప్రభుత్వ ఆసుపత్రికి తోడు వెళ్తాం. వాడూ మన మెట్లవాడే.

మా బ్లాకులో ప్రెసిడెంటే అన్నీ నిర్ణయిస్తున్నాడు. అడిగితే కోపం.

పదవికి రెండేళ్లు, వరసగా రెండోసారి లేదు అని నియమావళిలో రాయించండి. తాళాలు, బ్యాంకు పుస్తకం, వాట్సాప్ గ్రూపు అడ్మిన్ ఒకే మనిషి దగ్గర ఉండకూడదు. కమిటీలో సగంమంది ఆడవాళ్లుండాలి, సంతకం పెట్టే అధికారంలో కూడా.

## వానాకాలం

అక్టోబరుకు ముందు ఏమేం చూసుకోవాలి?

చెన్నైలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరులోపే పడుతుంది. పళ్లికరణై చిత్తడి నేల చుట్టుపక్కల ఉన్న మన కాలనీలకు నీళ్లు త్వరగా వస్తాయి, ఆలస్యంగా పోతాయి. సెప్టెంబరులోనే వాననీటి కాలువలు పూడిక తియ్యమని 1913కి ఫిర్యాదు పెట్టి నంబరు తీసుకోండి. తీసిన మట్టిని గట్టుమీదే వదిలేస్తే మొదటి వానకే మళ్లీ లోపలికి పోతుంది, అదేరోజు ఎత్తుకెళ్లేదాకా ఎవరో ఒకరు నిలబడి చూడాలి. మేడమీద నీళ్లు పోయే గొట్టాలు మన చేతులతోనే శుభ్రం చేసుకోవచ్చు.

కింది అంతస్తు కరెంటు మీటరు పెట్టెలు నీళ్లకు అందేటట్టుంటే ఎత్తించమని ముందే ఈబీకి (కరెంటు ఆఫీసుకు) అర్జీ ఇవ్వాలి. నీళ్లు చేరాక పెట్టెను ముట్టుకోకండి, కరెంటు ఫిర్యాదుల కేంద్రం మిన్నగం 94987 94987కి చెప్పండి. గర్భిణులు, డయాలసిస్ చేయించుకునేవాళ్లు, మంచానపడ్డవాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో జాబితా రాసుకోండి, వాళ్లకు పైఅంతస్తులో ఏ ఇల్లు చోటిస్తుందో కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. రేషన్ కార్డు, ఆధార్, బోర్డు కేటాయింపు కాగితం ప్లాస్టిక్ కవర్లో వేసి పైన దాచండి. వరదలో అవి పోగొట్టుకున్న కుటుంబాలు మళ్లీ తెచ్చుకోవడానికి ఆఫీసుల చుట్టూ ఎంత తిరిగాయో ఇక్కడ అందరికీ తెలుసు.

మందు పొగ కొట్టించాం కదా, డెంగీ మళ్లీ ఎందుకొస్తోంది?

పొగకు ఎగిరే దోమలే చస్తాయి, గుడ్లు అలాగే ఉంటాయి. డెంగీ దోమ మంచినీళ్లలో పెడుతుంది. నీళ్లు దాచుకునే డ్రమ్ము, మొక్కల కుండీ కింది పళ్లెం, ఫ్రిజ్ వెనక తొట్టి, మేడమీద పారేసిన టైరు, అన్నీ దానికి ఇళ్లే. గుడ్డు దోమయ్యేసరికి వారం పది రోజులు పడుతుంది, కాబట్టి వారానికోసారి డ్రమ్ము ఖాళీ చేసి లోపలి గోడ పీచుతో రుద్దండి. గుడ్లు గోడకు అంటుకుని ఎండిపోయినా నెలలు బతికుంటాయి. నీళ్లు దొరకని రోజుల్లో డ్రమ్ము ఖాళీ చెయ్యమంటే ఎవరికైనా కష్టమే. అలాంటప్పుడు పాత చీరముక్క మీద కప్పి తాడుతో బిగించి కట్టండి. మా బ్లాకుల్లో ఆదివారం పొద్దున పదిగంటలకు పిల్లలు గంట కొట్టుకుంటూ అంతస్తులు తిరుగుతారు. గంట వినగానే డ్రమ్ము చూసుకోవాలి. ఆ వేళకు డ్యూటీలో ఉన్న ఇళ్ల డ్రమ్ములను పక్కింటివాళ్లు చూస్తారు.